ఐ.పి. పెట్టినవాడి ఇంట్లో ఏమి మిగలాలి?

పండుగ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు సంపాదకులు చక్కెర వ్యాధి గురించో, కొలెస్టరాల్ గురించో రాస్తామనుకుని ఉంటారు. అవి ఇదివరకే చాలా వచ్చాయి. ఈసారి మేము అప్పు గురించి రాస్తున్నాం. లక్ష్మీపూజ సంచికలో దివాలా మాటేమిటని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. దీపానికీ దివాలాకీ చుట్టరికం ఉందని చెబుతారు. ఇక బాకీలు తీర్చలేనని ఊరికి తెలియజేయడానికి వెనకటి షావుకారు పట్టపగలు దుకాణంలో దీపం వెలిగించి కూర్చునేవాడట. ఉత్తరాది నుంచి వచ్చిన దివాలా అన్న మాట అలా పుట్టిందేనని ఒక వివరణ.

గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్ళకు ఇంకో మాట బాగా తెలుసు: ఐ.పి. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అన్నదానికి పొట్టి రూపం. మేము గుంటూరు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో ఆ మాట వినపడని నెల ఉండేది కాదు. మిర్చి వ్యాపారి ఐ.పి. పెట్టాడు, పత్తి కొన్నాయన ఐ.పి. పెట్టాడు, చిట్టీలు నడిపిన ఆవిడ ఐ.పి. పెట్టింది. అనేవాళ్ళ గొంతులో జాలి ఉండేది కాదు. ఎగ్గొట్టాడనీ, ఎక్కడో దాచుకునే పెట్టి ఉంటాడనీ దాని అర్థం. నిజంగా చితికిపోయిన వాడికీ, దొంగలెక్క రాసిన వాడికీ ఊరు ఒకే పేరు పెట్టింది.

ఆ పేరు మన సామానుతోపాటే సముద్రం దాటింది. జెర్సీ సిటీలో ఉద్యోగం పోయి క్రెడిట్ కార్డుల మీద ఏడాది నెట్టుకొచ్చిన ఇంజనీర్లున్నారు. నెవార్క్ అవెన్యూ మీద దుకాణం అద్దెకు తీసుకుని నష్టపోయిన వాళ్ళున్నారు. మనుమడిని చూడటానికి వచ్చిన తండ్రికి గుండెపోటు వస్తే, రాత్రి రెండింటికి ఆసుపత్రి కాగితాల మీద చదవకుండా సంతకం పెట్టిన కొడుకులున్నారు. ఇలాంటివారు బీపీ చూపించుకోవడానికి వస్తారు. అంతా అయ్యాక, తలుపు మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి అడుగుతారు: "డాక్టరు గారూ, ఉన్నవన్నీ పట్టుకుపోతారా?" ఆ ప్రశ్న వెనకాల ఇంకొకటి ఉంటుంది, దాన్ని పైకి అనరు. ఒకరికి బాకీ ఉండగా మనకంటూ ఏమైనా మిగుల్చుకోవడం న్యాయమేనా అని.

మొదటి ప్రశ్నకు జవాబు చట్టంలో ఉంది. మేము వైద్యులం, లాయర్లం కాము. ఈ వ్యాసం పట్టుకుని ఎవరూ కోర్టుకు వెళ్ళవద్దు, దివాలా కేసులు చూసే లాయరును కలవండి. అయినా కొన్ని సంగతులు తెలిసి ఉంటే నిద్ర పడుతుంది.

అమెరికాలో దివాలా కేంద్ర చట్టం కిందికి వస్తుంది. మన హడ్సన్ కౌంటీ వాళ్ళ కేసులు నెవార్క్‌లోని ఫెడరల్ దివాలా కోర్టులో నడుస్తాయి. కేసు వేయడానికి పౌరసత్వం అక్కరలేదు, ఇక్కడ నివాసం ఉంటే చాలు. వ్యక్తులు ఎక్కువగా వాడేవి రెండు మార్గాలు. చాప్టర్ 7లో ట్రస్టీ అనే ఆయన బాకీదారు ఆస్తి చూసి, అమ్మదగినది అమ్మి అప్పిచ్చినవాళ్ళకు పంచుతాడు. మిగిలిన బాకీల్లో చాలావాటి నుంచి విముక్తి దొరుకుతుంది. పిల్లల పోషణ ఖర్చు, చాలా రకాల పన్నులు, చదువుల అప్పులు మాత్రం మామూలుగా వెంటే ఉంటాయి. చాప్టర్ 13లో ఆస్తి తమ దగ్గరే పెట్టుకుని, మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా ఆదాయంలోంచి కడుతూ పోతారు.

చాప్టర్ 7లో కూడా ట్రస్టీ ముట్టుకోకూడని వస్తువుల జాబితా ఉంది. న్యూజెర్సీలో కేంద్ర జాబితాను గానీ, రాష్ట్ర జాబితాను గానీ ఎంచుకోవచ్చు. రాష్ట్రానిది వెయ్యి డాలర్ల లెక్కలనాటి పాతది కావడంతో చాలామంది కేంద్రానిదే తీసుకుంటారు. (వేరే రాష్ట్రం నుంచి వచ్చి రెండేళ్ళు నిండని వాళ్ళకు పాత చోటి లెక్క వర్తించవచ్చు. లాయరును ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే.) కేంద్ర జాబితా అంకెలు మూడేళ్ళకోసారి మారతాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన లెక్క ప్రకారం, ఉంటున్న ఇంటి విలువలో అప్పు పోను 31,575 డాలర్లు, ఒక కారులో 5,025, వృత్తి పనిముట్లలో, వృత్తి పుస్తకాలలో 3,175, నగలలో 2,125 మిగుల్చుకోవచ్చు. ఇంటి సామాను, బట్టలు, పుస్తకాలు, సంగీత వాద్యాలు ఒక్కొక్కటి 800 డాలర్ల దాకా, అన్నీ కలిపి 16,850 దాకా. ఇవి కాక దేనికైనా వాడుకోదగ్గ 1,675. ఇంటికి వాడని భాగం ఉంటే అందులోంచి మరో 15,800 దాకా. భార్యాభర్తలు కలిసి కేసు వేస్తే ఎవరి లెక్క వారిదే, అంటే అంకెలు రెట్టింపవుతాయి. ఉద్యోగంలో దాచిన 401కె నిధి దాదాపు ఎప్పుడూ బయటే ఉంటుంది. పిల్లల కాలేజీకి 529 ఖాతాలో రెండేళ్ళ కిందటే వేసిన డబ్బు కూడా సాధారణంగా బయటిదే.

విలువ అంటే కొన్నప్పటి ధర అనుకోకండి, ఇవాళ అమ్మితే వచ్చేది. కంచి పట్టుచీరలు ఇక్కడ పాతవాటి లెక్కన అమ్మితే ఏమొస్తుందో ఆడవాళ్ళకు మేము చెప్పనక్కరలేదు. అమ్మాయి వీణా, అబ్బాయి మృదంగమూ ఇంట్లోనే ఉంటాయి. చిక్కు వచ్చేది ఇంటి దగ్గర. జెర్సీ సిటీలో చాలా ఏళ్ళ కిందట ఇల్లు కొన్నవారికి పెరిగిన విలువ ముందు ఆ 31,575 చాలదు. అలాంటివాళ్ళు ఇల్లు నిలబెట్టుకోవాలంటే మామూలుగా చాప్టర్ 13 దారి పడతారు.

మా ఇంట్లో చర్చ ఎక్కువగా నడిచింది నగల దగ్గర. 2025లో బంగారం ఔన్సు మూడు వేల డాలర్లు దాటింది. ఆ ధరకు 2,125 డాలర్లంటే 22 క్యారెట్ల బంగారం సుమారు రెండు తులాలు. ధర పెరిగేకొద్దీ ఇంకా తక్కువ. తాళిబొట్టు, నల్లపూసలు, రెండు గాజులు కలిపితేనే దాటిపోతుంది. ఇక్కడి చట్టం ఇంకో చోట, ఇంటి సామాను మీద అప్పిచ్చినవాడి పట్టు విడిపించే సెక్షన్‌లో, పెళ్ళి ఉంగరాన్ని పేరు పెట్టి చెప్పింది. అది 2005 సవరణలో వచ్చింది. మంగళసూత్రం మాట అందులో లేదు. చట్టం రాసినవాళ్ళకు తమ ఇంట్లో వేలికి ఉన్నదే గుర్తొచ్చింది, అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

మన దేశంలో మటుకు ఆ మాట చాలాకాలం కిందటే రాసి ఉంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చూడండి. కోర్టు డిక్రీ పొందినవాడు కూడా జప్తు చేయకూడని వాటిలో మొదట వచ్చేవి బాకీదారుకు, అతని భార్యాబిడ్డలకు అవసరమైన బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పక్కబట్టలు. ఆ వరుసలోనే, మతాచారం ప్రకారం స్త్రీ తన ఒంటి మీద నుంచి తీయకూడని ఆభరణాలు. ఆ తరవాత చేతివృత్తి వాడి పనిముట్లు. రైతు అయితే అతని సేద్యపు పరికరాలు, బతుకు గడవడానికి కావలసిన పశువులు, విత్తనాలు. రైతూ, కూలీ ఉంటున్న ఇల్లు కూడా. ఇంగ్లీషు వాళ్ళ పాలనలో వచ్చిన ఈ చట్టం సూర్యాపేటలో మెట్టెలూ మంగళసూత్రాలూ ఏమిటో తెలిసినట్టే రాసింది. ఐ.పి.లకు ఆధారమైన 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కూడా ఈ జాబితాలోని వస్తువులను వదిలిపెట్టింది. 2016 నాటి దివాలా కోడ్‌లోనూ ఆ ఆభరణాల మాట ఉంది, విలువకు పరిమితితో.

పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం సంగతి వేరు. అది స్త్రీధనం, ఆమె సొంతం. భారత సుప్రీం కోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో ఈ మాట గట్టిగా చెప్పింది. ఇక్కడ న్యూజెర్సీలో కూడా భర్త ఒక్కడే కేసు వేస్తే భార్య సొంత ఆస్తి మామూలుగా అందులోకి రాదు. అలాగని నిన్నటిదాకా భర్త కొని లాకర్లో పెట్టిన బిస్కెట్లు కేసుకు ముందు రోజు స్త్రీధనం అయిపోవు. ఈ తేడా మన ఆడవాళ్ళందరికీ తెలుసు. తెలియనట్టు నటించేది ఎక్కువగా మగవాళ్ళే.

ఇక రెండో ప్రశ్న. మిగుల్చుకోవడం న్యాయమేనా?

వెంటనే హరిశ్చంద్రుడు గుర్తొస్తాడు. రాజ్యం ఇచ్చేశాక కూడా విశ్వామిత్రుడి బాకీ మిగిలితే, ఆలిని అమ్మాడు, తాను కాటికాపరికి అమ్ముడుపోయాడు. ఏ వస్తువూ మినహాయించుకోలేదు. కన్నకొడుకు శవానికి కాటి సుంకం భార్యను అడిగాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం తెల్లవార్లూ చూసి ఏడ్చిన ఊళ్ళు మనవి. అప్పు వసూలుకు వెంటపడేవాడిని ఇప్పటికీ నక్షత్రకుడనే అంటాం. అయితే ఆ ప్రేక్షకుల్లో ఏ ఒక్కరూ ఇంటికి వచ్చి, అప్పున్నవాడు ఆలిని అమ్ముకోవాలని అనుకోలేదు. చంద్రమతి మీద జాలి, నక్షత్రకుడి మీద కోపం, రాజు సత్యం మీద గౌరవం, ఈ మూడూ ఒకేసారి పొందారు. రాజు దగ్గర మనం మెచ్చుకున్నది ఆయన ఏదీ దాచకపోవడం, ఇంత ఉంది ఇంత లేదు అని పైకి చెప్పడం. ఆలిని అమ్మిన పనిని ఎవరూ ఆదర్శంగా తీసుకోలేదు.

మామూలు మనుషుల కోసం నియమాలు రాసిన స్మృతికర్తలు అప్పిచ్చినవాడి చేతికి కూడా హద్దు పెట్టారు. దామదుపట్ అని తరవాతి కాలపు కోర్టులు పిలిచిన నియమం ప్రకారం ఒకేసారి రాబట్టే వడ్డీ అసలును మించకూడదు. తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్న స్మృతులే, జూదానికీ తాగుడికీ చేసిన అప్పును ఆ బాధ్యతలోంచి తీసేశాయి. బాకీ తీర్చడం ధర్మమే, ఏ బాకీ ఎంతవరకు అన్న లెక్క కూడా ధర్మంలోనే ఉండేది.

మేము ఆలోచించినకొద్దీ ఈ జాబితాలు దయాదానం కింద కనపడటం మానేశాయి. వంటపాత్ర, పక్కబట్ట, తాళి, నాగలి, విత్తనం. ఇక్కడైతే కారు, పనిముట్లు, పిల్లల పుస్తకాలు, ముసలితనానికి దాచిన నిధి. వీటిని తీసేసుకుంటే అప్పిచ్చినవాడికి దక్కేది కొంచెం, బాకీదారు ఇంటికి పోయేది చాలా ఎక్కువ. పనిముట్టు పోయినవాడు రేపటి నుంచి ఎవరికీ ఏమీ ఇవ్వలేడు, పన్ను కూడా కట్టలేడు. దసరా నాడు మనం ఆయుధపూజ చేస్తాం. కొడవలికీ, కుట్టుమిషనుకూ, లారీకీ, ఇప్పుడు లాప్‌టాప్‌కీ కుంకుమ పెడతాం, మా ఇంట్లో స్టెతస్కోపుకూ పెడతాం. పని చేసే వస్తువును మిగతా ఆస్తితో కలపకూడదన్న ఎరుక ఆ పూజలో ఉంది. కార్డు కంపెనీకి కూడా ఈ జాబితా ముందే తెలుసు. కొందరు తీర్చలేరన్న లెక్క వేసుకునే ఇరవై శాతానికి పైబడిన వడ్డీ రాస్తుంది. వాళ్ళతో వ్యవహారంలో చట్టం ఇచ్చినది మిగుల్చుకున్నవాడు ఎవరి సొమ్మూ కాజేసినట్టు కాదని మా అభిప్రాయం.

తండ్రి ఆసుపత్రి బిల్లు విషయంలో ఇంకో మాట చెప్పాలి. పితృఋణం అన్న మాట విని కొడుకులు బిల్లు మీద ఉన్న అంకె మొత్తాన్నీ నెత్తిన వేసుకుంటారు. ఆ అంకె చాలాసార్లు బేరానికి ముందు ధర. వివరంగా రాసి ఇవ్వమనండి, తగ్గించమనండి, న్యూజెర్సీ ఆసుపత్రుల్లో చారిటీ కేర్ అనే సహాయం ఉంది, అడగండి. సంతకం పెట్టేటప్పుడు బంధువుగా పెడుతున్నామా, జామీనుగా పెడుతున్నామా చూసుకోండి. 2024లో ఈ రాష్ట్రం వైద్యబాకీలను క్రెడిట్ సంస్థలకు తెలపకూడదనీ, వాటి మీద వడ్డీ 3 శాతం మించకూడదనీ చట్టం చేసింది. జబ్బుల వల్ల ఎంతమంది దివాలా తీస్తున్నారో మా వృత్తిలోనే ఏకాభిప్రాయం లేదు. 2007 నాటి కేసుల్లో 62 శాతానికి వైద్యం కారణమని ఒక అధ్యయనం అంది. ఆసుపత్రిలో చేరడం వల్ల కలిగేవి 4 శాతమేనని 2018లో మరొకటి. శాతం ఏదైనా, తండ్రి ఋణం ఆయన వైద్యం ఆగకుండా చూడటంతో తీరుతుంది. బిల్లింగ్ విభాగం వేసిన మొదటి అంకెతో దానికి సంబంధం లేదు.

చిక్కు ఉన్నది దాచడం దగ్గర. దివాలా పిటిషన్‌లో ఆస్తి అంటే ప్రపంచంలో ఎక్కడున్నా ఆస్తే. మియాపూర్‌లో ప్లాటు, తెనాలి దగ్గర తాత గారి పొలంలో వాటా, అమ్మతో కలిసి పెట్టిన ఫిక్సెడ్ డిపాజిట్, అన్నీ రాయాలి. కేసు వేసిన 180 రోజుల్లో వారసత్వంగా వచ్చేది కూడా. తప్పు రాస్తే శిక్ష పడుతుందన్న హెచ్చరిక కిందే సంతకం పెడతాం. ఆస్తి దాచితే ఐదేళ్ళ దాకా జైలు ఉండవచ్చు. 'ఇండియాలో ఉన్నది వీళ్ళకెలా తెలుస్తుంది' అన్న మాట మేము ఈ పదిహేనేళ్ళలో చాలాసార్లు విన్నాం. ఆ మాట అన్న క్షణమే గుంటూరు వాళ్ళు ఐ.పి.కి పెట్టిన చెడ్డపేరు నిజమవుతుంది.

ఇంకొక అలవాటు దాచడంగా కనపడదు, మంచితనంగా కనపడుతుంది. కేసు వేయబోయేముందు బావమరిది దగ్గర తీసుకున్న చేబదులు ముందు తీర్చేద్దామనుకుంటాం. బ్యాంకు ఎలాగూ బ్యాంకే కదా. కానీ ఏడాది లోపల దగ్గర బంధువులకు కట్టిన బాకీని ట్రస్టీ ఆ బంధువు నుంచే వెనక్కి రాబట్టవచ్చు. కేసుకు ముందు రెండేళ్ళలో, రాష్ట్ర చట్టం కింద నాలుగేళ్ళ దాకా కూడా, ఊరికే రాసిచ్చిన ఆస్తుల మీద ప్రశ్నలు రావచ్చు. చట్టం దృష్టిలో అప్పిచ్చినవాళ్ళందరూ ఒకే పంక్తిలో కూర్చున్నవాళ్ళు, అయినవాళ్ళ విస్తట్లో ముందు వడ్డించకూడదు. ఇది మన మనసుకు ఎక్కదు. వడ్డీ లేకుండా, కాగితం లేకుండా, మన ముఖం చూసి ఇచ్చినవాడిని కార్డు కంపెనీ పక్కన కూర్చోబెట్టడం అన్యాయంగానే ఉంటుంది. పైన కార్డు కంపెనీ గురించి మేము చెప్పిన వాదం ఆ స్నేహితుడి దగ్గర నిలబడదు.

దీనికి చట్టంలోనే ఒక సందు ఉంది, చాలామందికి తెలియదు. విముక్తి దొరికాక ఏ బాకీనైనా ఇష్టపూర్వకంగా తీర్చుకోవచ్చని దివాలా కోడ్ 524వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. అడిగే హక్కు వాళ్ళకు పోతుంది, ఇచ్చే హక్కు మనకు ఉంటుంది. మార్క్ ట్వేన్ కథ ఇక్కడ చెప్పుకోవచ్చు. ఆయన ప్రచురణ సంస్థ 1894లో దివాలా తీసింది. హెన్రీ రోజర్స్ అనే ధనిక మిత్రుడి సలహాతో తన పుస్తకాల హక్కులను భార్య ఒలీవియా పేర రాసి కాపాడుకున్నాడు. ఆమె కూడా ఆ సంస్థకు అప్పిచ్చిందే. ఇవాళ అలా చేస్తే ట్రస్టీ ఊరుకోడేమో. కానీ ఆ మిగుల్చుకున్న దానితోనూ, 1895లో బయల్దేరి మన దేశం మీదుగా కూడా సాగిన ప్రపంచ ఉపన్యాస యాత్రతోనూ, 1898 నాటికి కట్టనక్కరలేని బాకీలు సైతం పూర్తిగా కట్టేశాడు. పనిముట్టు చేతిలో మిగలబట్టే అది సాధ్యమైంది.

చివరగా మన గుడి సంగతి. ట్రస్టీలు ఒకప్పుడు బాకీదారు గుడికో చర్చికో ఇచ్చిన కానుకలను కూడా వెనక్కి అడిగేవారు. 1998లో వచ్చిన చట్టం సంవత్సర ఆదాయంలో 15 శాతం దాకా ఇచ్చిన అలాంటి విరాళాలకు రక్షణ ఇచ్చింది, అంతకు మించినా అలవాటు ప్రకారం ఇచ్చినవైతే చెల్లుతాయి. చట్టం చెల్లుతుందన్నంత మాత్రాన అప్పుల్లో ఉన్నవాడి చేత గుడి ఇప్పించుకోవాలా? భద్రాచలం గుడి కోసం కంచర్ల గోపన్న వాడినది తానీషా ఖజానాకు చేరవలసిన పన్ను డబ్బు. రామదాసుగా ఆయనకు మనం దణ్ణం పెడతాం, ఆయన జైలులో ఉన్నదీ మరిచిపోం. రాముడే వచ్చి బాకీ కట్టాడని కథ. మన సభ్యుల బాకీలు కట్టడానికి ఆయన వస్తాడని లెక్క వేసుకుని రసీదులు కోయలేం కదా.

కల్యాణోత్సవానికో, కొత్త మండపానికో ఇస్తానని మాట ఇచ్చి, ఆ తరవాత ఉద్యోగం పోయిన కుటుంబాలు మన జాబితాలో ఉండవచ్చు. వాళ్ళకు బాకీ గుర్తుచేసే ఫోన్లు వెళుతుంటాయి, చేసేవాళ్ళు మంచివాళ్ళే, ఇంటి పరిస్థితి తెలియక చేస్తారు. రాబోయే సర్వసభ్య సమావేశంలో మేము ఒక ప్రతిపాదన తేబోతున్నాం. ఇబ్బందుల్లో ఉన్నామని కార్యదర్శికి ఒక్క ముక్క, కారణం రాయకుండా, తెలిపినా ఆ కుటుంబం మాట ఇచ్చిన మొత్తాన్ని ఆ రోజే కొట్టివేయాలి. ఆ సంగతి కార్యదర్శి దగ్గరే ఆగిపోవాలి. శనివారం అన్నదానంలో వడ్డించేవాళ్ళ పట్టికలో వాళ్ళ పేరు ఉన్నచోటే ఉండాలి.